డోర్నకల్ కేథడ్రల్: ఒక ఆంగ్లికన్ సంఘం పల్లెల్లో వహించిన పాత్ర

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కేథడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. అప్పటికి ఆ ఊరు నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లాలో ఉండేది; ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. సికింద్రాబాద్ నుంచి బెజవాడకు పోయే రైలు మార్గంలో, సింగరేణి బొగ్గు గనుల వైపు కొమ్మ లైను చీలే జంక్షన్‌గానే దానికి గుర్తింపు. అలాంటి చిన్న ఊరు, ఒక బిషప్ పర్యవేక్షణలోని సంఘాల ప్రాంతమైన ఆంగ్లికన్ డయోసీస్‌కు ముఖ్యస్థానమైంది. దాని బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి ఎక్కిన మొదటి భారతీయుడు. 1912 నుంచి 1945లో చనిపోయేదాకా భారతదేశంలో సొంత డయోసీస్ ఉన్న భారతీయ ఆంగ్లికన్ బిషప్ ఆయనొక్కడే.

ఈ కేథడ్రల్, దాని కింద ఉన్న వందలాది పల్లె సంఘాలు చుట్టుపక్కల జనజీవితంలో ఏ పాత్ర వహించాయి? ఈ ప్రశ్నకు వ్యాప్తిలో ఉన్న జవాబులు రెండు. అంటరానితనం కింద నలిగిన మాల, మాదిగలకు చర్చి విముక్తి మార్గమైందన్నది ఒకటి. వలస పాలన నీడలో, విదేశీ డబ్బుతో నడిచిన మతమార్పిడి యంత్రాంగమన్నది రెండోది. ఆధారాలను దగ్గరగా చూస్తే ఏ జవాబూ పూర్తిగా నిలవదు. అవి గట్టిగా బలపరిచే విషయం వీటికంటే చిన్నది, కానీ స్పష్టమైనది: పొలాల్లో కూలి చేసుకునే కుటుంబాల చేతికి ఒక సంస్థను పోషించే, నడిపే బాధ్యత వచ్చింది. ఆ బాధ్యత ఏయే చోట్ల మార్పు తెచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

ఆధారాల స్వభావం

డోర్నకల్ చరిత్రకు ప్రధాన మూలాలు చర్చి వైపు నుంచి వచ్చినవే. మిషన్ సొసైటీల నివేదికలు, డయోసీస్ పత్రిక, బిషప్ లేఖలు, అజరయ్య మరణించిన మరుసటి ఏడాది 1946లో వెలువడిన జీవితచరిత్రలు ఈ కోవలోకి వస్తాయి. కారల్ గ్రాహం రాసిన జీవితచరిత్ర దగ్గరగా చూసినవారి రచన. అదే దాని బలం, అదే దాని బలహీనత. విద్యాపరిశోధన ప్రమాణాలతో వచ్చిన విస్తృత అధ్యయనం సూసన్ బిల్లింగ్‌టన్ హార్పర్ 2000లో ప్రచురించిన గ్రంథం. మద్రాసు మాజీ బిషప్ హెన్రీ వైట్‌హెడ్‌తో కలిసి అజరయ్య 1930లో పల్లె క్రైస్తవం గురించి రాసిన పుస్తకం, 1933లో వాస్కం పికెట్ ప్రచురించిన సామూహిక మతాంతరాల సర్వే కూడా ముఖ్యమైనవే.

మిషన్ నివేదికలు చాలావరకు చందాదారుల కోసం రాసినవి. విజయాలు వాటిలో ముందు వరసలో ఉంటాయి, గొడవలు చివరి వాక్యాల్లోకి జారుకుంటాయి. అందువల్ల ఈ వ్యాసంలో ఒక కొలమానం పాటించాను. నివేదిక తనకు అనుకూలంగా చెప్పుకున్న మాటకంటే, తనకు ఇబ్బంది కలిగించే విషయాన్ని ఒప్పుకున్న చోట దానికి ఎక్కువ విలువ ఇచ్చాను. ఆశయం చెప్పే వాక్యాన్నీ, ఆచరణ చెప్పే వాక్యాన్నీ వేరుగా చదివాను.

డోర్నకల్‌కు ముందు

తెలుగు నేల మీద ఆంగ్లికన్ మిషన్ పని డోర్నకల్‌తో మొదలు కాలేదు. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నం చేరారు. నోబుల్ 1843లో పెట్టిన పాఠశాలే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. బ్రాహ్మణ, ఇతర అగ్రవర్ణాల యువకులకు ఇంగ్లీషు చదువు చెప్పి, వాళ్ల ద్వారా మతం సమాజంలోకి దిగుతుందన్నది నోబుల్ ఆశ. జరిగింది వేరు. సంఘం పెరిగింది మాలపల్లెల్లో. కృష్ణా జిల్లా రాఘవాపురానికి చెందిన మాల నాయకుడు పగోలు వెంకయ్య 1859లో థామస్ డార్లింగ్ అనే మిషనరీ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాక, ఆయన బంధువుల్లో, పొరుగు పల్లెల్లో కదలిక వచ్చింది. కర్నూలు, కడప ప్రాంతాల్లో మరో ఆంగ్లికన్ సంస్థ అయిన ఎస్.పి.జి. పనిచేసింది. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టుల చేతుల మీదుగా మాదిగల్లో ఇలాంటిదే మరో ఉద్యమం నడిచింది.

ఈ క్రమంలో ఒక విషయం గమనించాలి. కదలిక ప్రారంభించినవాళ్లు చాలాచోట్ల స్థానికులే. వెంకయ్య లాంటివాళ్లు ముందు తామే వెతుక్కుంటూ వెళ్లారు. మిషనరీలు తర్వాత వచ్చి లెక్క రాసుకున్నారు. మతాంతరం మొత్తాన్ని బయటినుంచి వచ్చిన ప్రేరేపణగా చూపే కథనానికి ఇది సరిపడదు.

తమిళ మిషన్, తెలుగు నేల

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లా వెళ్ళాళన్‌విలైలో పుట్టారు. తండ్రి ఆంగ్లికన్ గురువు. కుటుంబం నాడార్ కులానికి చెందినది. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, 1895 నుంచి వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగారు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు భారతీయ మిషనరీ సంఘం ఒకటి స్థాపించడంలో, 1905 డిసెంబరులో సెరాంపూర్‌లో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టడంలో ఆయనది ముఖ్యపాత్ర. భారతీయుల డబ్బు, భారతీయ కార్యకర్తలు, భారతీయ యాజమాన్యం అన్నది వీటి నియమం.

తిరునెల్వేలి సంఘం తన పనికి ఎంచుకున్న చోటు డోర్నకల్. అంటే అక్కడికి మొదట వచ్చిన మిషనరీలు తమిళులు. వాళ్లు తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. అజరయ్య కూడా 1909లో గురువుగా అభిషేకం పొంది డోర్నకల్‌కు వచ్చాక ముప్పై అయిదేళ్లు దాటిన వయసులో తెలుగు పట్టుకున్నారు. 1910లో ఎడిన్‌బరో ప్రపంచ మిషనరీ సభలో ఆయన చేసిన ప్రసంగం అక్కడివారిని ఇరుకున పెట్టింది. యూరోపియన్ మిషనరీలు భారతీయ సహోద్యోగులకు త్యాగాలు ఇచ్చారు గానీ స్నేహం ఇవ్వలేదన్నది దాని సారం.

వైట్‌హెడ్ ప్రోద్బలంతో 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో అజరయ్య బిషప్‌గా అభిషిక్తుడయ్యారు. దానికి వ్యతిరేకత రెండు వైపుల నుంచి వచ్చింది. భారతీయుడి కింద పనిచేయడానికి ఇష్టపడని యూరోపియన్ మిషనరీలు ఒక వైపు, ఆయన కులాన్ని బట్టి అభ్యంతరం చెప్పిన కొందరు తమిళ క్రైస్తవులు మరో వైపు. మొదట ఆయనకు చిన్న డయోసీస్ మాత్రమే ఇచ్చి, మిగతా తెలుగు ప్రాంతాల్లో మద్రాసు బిషప్‌కు సహాయకుడిగా ఉంచారు. 1920ల మొదట్లో కృష్ణా, గోదావరి ప్రాంతాల చర్చ్ మిషనరీ సొసైటీ సంఘాలు, కర్నూలు వైపు ఎస్.పి.జి. సంఘాలు డోర్నకల్‌లో కలిశాయి. అప్పటినుంచి బిషప్ పీఠం నిజాం రాజ్యంలో, సభ్యుల్లో అధికభాగం బ్రిటిష్ ఆంధ్రలో ఉన్న విచిత్రమైన డయోసీస్ తయారైంది. రెండు పాలనలను కలిపే రైలు మార్గం మీద ఊరు ఉండడం దాని నిర్వహణకు తోడ్పడిందని ఊహించవచ్చు.

విస్తరణ జరిగిన తీరుకు మరో పర్యవసానం ఉంది. భారతీయ డబ్బుతోనే నడవాలన్న తొలి నియమం తిరునెల్వేలి మిషన్‌కు వర్తించింది. విస్తరించిన డయోసీస్‌కు ఇంగ్లండ్ సొసైటీల నిధులు, ఉద్యోగులు, ఆస్తులు వారసత్వంగా వచ్చాయి. డోర్నకల్‌ను పూర్తిగా స్వావలంబన సంఘమని చెప్పే రచనలు ఈ రెండు దశలను కలిపేస్తాయి.

భవనం ఏం చెబుతుంది

కేథడ్రల్ నిర్మాణం ఏళ్ల తరబడి నిదానంగా సాగింది. స్థానికంగా దొరికిన రాయి వాడారు. బయట గుమ్మటాలు, మినార్లు దక్కన్ మసీదులను గుర్తుచేస్తాయి. లోపలి రాతి స్తంభాలు గుడి మండపం తీరులో ఉంటాయి. తామర, అరటిపువ్వు లాంటి స్థానిక రూపాలు చెక్కడాల్లో కనిపిస్తాయి. ప్రతిష్ఠకు ఎంచుకున్న తేదీ ఎపిఫనీ, అంటే ప్రత్యక్షతా పండుగ. తూర్పు దేశపు జ్ఞానులు శిశువైన యేసును దర్శించుకున్న కథ ఆ పండుగకు మూలం. యూదులు కాని జాతులకు దేవుడు వెల్లడైన రోజుగా దాన్ని జరుపుకుంటారు. ఐరోపా బయటి క్రైస్తవానికి కేథడ్రల్ కట్టిన బిషప్ ఆ పేరు పెట్టడం యాదృచ్ఛికం అయి ఉండదు.

మెదక్ చర్చితో పోల్చితే తేడా బయటపడుతుంది. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ అయిన ఆ చర్చిని ఛార్లెస్ పోస్నెట్ నాయకత్వంలో వెస్లియన్ మెథడిస్టులు గోతిక్ శైలిలో కట్టారు. ఎత్తయిన గోపురం, యేసు జననాన్నీ సిలువ మరణాన్నీ ఆరోహణాన్నీ చూపే రంగు అద్దాల కిటికీలు దాని ప్రత్యేకత. అదే నిజాం రాజ్యంలో, పద్నాలుగేళ్ల తేడాతో, ఒక ఇంగ్లీషు మిషనరీ గోతిక్‌నూ ఒక తమిళ బిషప్ దేశీయ రూపాలనూ ఎంచుకున్నారు. కాబట్టి డోర్నకల్ శైలి కాలధర్మం కాదు, ఎంపిక.

అయితే దీన్ని అచ్చమైన దేశీయతగా పొగడడం తొందరపాటు. గుమ్మటాలనూ స్థానిక అలంకారాలనూ కలిపే ఇండో-సారసెనిక్ శైలిని అప్పటికే బ్రిటిష్ ప్రభుత్వమే కచేరీలకూ కళాశాలలకూ వాడుతోంది. 1892లో పూర్తయిన మద్రాసు హైకోర్టు అందుకు ఉదాహరణ. డోర్నకల్ కేథడ్రల్ ఆ ధోరణికి దూరపు బంధువే.

భవనంలో కూర్చున్నవాళ్ల వైపు నుంచి చూస్తే మరో అర్థం తోస్తుంది. సభ్యుల్లో అత్యధికులు గుడి గడప దాటనివ్వని కులాలవాళ్లు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి రక్షణ ఇచ్చిన చట్టం వచ్చింది 1939లోనే, అంటే కేథడ్రల్ ప్రతిష్ఠ జరిగిన ఏడాదే. మండపం లాంటి స్తంభాల మధ్య ముందు వరసలో కూర్చోవడం వాళ్లకు ఏమనిపించిందో ఆ రోజుల నివేదికలు వాళ్ల మాటల్లో నమోదు చేయలేదు. కానీ ఆ తేదీల పొంతన చూస్తే, భవనపు శైలిని కళాచరిత్రగా మాత్రమే చదవడం సరిపోదని అర్థమవుతుంది.

పల్లె సంఘం నడిచిన తీరు

కేథడ్రల్ ఏడాదికి కొన్ని రోజులు జనంతో నిండేది. సంఘం రోజూ బతికింది పల్లెలో, పూరిపాకలో. అక్కడ కీలకమైన మనిషి ఉపదేశి. చాలాచోట్ల ఆయనే బడిపంతులు కూడా. పగలు పిల్లలకు అక్షరాలు, పొద్దుగూకి కూలిపని ముగిశాక పెద్దలకు ప్రార్థన, పాట, పాఠం. బాప్తిస్మానికి ముందు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలి. చదవడం రానివాళ్లు వినికిడితో నేర్చుకునేవారు. ప్రార్థన పుస్తకపు తెలుగు అనువాదం క్రమాన్ని ఇచ్చింది; కీర్తన, భజన దానికి ఊపిరి పోశాయి. తాళంతో పాడే పాట అప్పటికే పల్లె సంస్కృతిలో ఉంది కనుక అజరయ్య దాన్ని ప్రోత్సహించారు.

గురువు ఒక్కడికి అనేక పల్లెలు అప్పజెప్పి ఉండేవి. ఆయన వచ్చేది ఎప్పుడో ఒకసారి. ఆ మధ్యకాలంలో సంఘాన్ని నిలిపింది ఉపదేశి, పల్లె పెద్దలు. జీతం తక్కువ, బదిలీలు ఎక్కువ, చదువు అంతంతమాత్రం. ఉపదేశుల చదువు చాలడం లేదన్న ఫిర్యాదు మిషన్ వర్గాలదే. వ్యవస్థ తన బలహీనతను తానే ఒప్పుకుంటున్న చోటు ఇది. అయినా అక్షరం ముఖం చూడని వీధుల్లోకి, ఎంత నాసిగానైనా, ప్రతిరోజూ నడిచే బడి ఒకటి వచ్చిందన్న విషయం దీనివల్ల చెరిగిపోదు.

డోర్నకల్‌కు ప్రత్యేకమైన ఆచారం ఒకటి పలు మూలాల్లో కనిపిస్తుంది. బాప్తిస్మం పొందినవాళ్లు తమ తల మీద తామే చేయి పెట్టుకుని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని పౌలు మాటలతో ప్రమాణం చేసేవారు. ఏటా సాక్ష్యపు వారం పెట్టి, మామూలు సభ్యులు పాడుకుంటూ పొరుగు ఊళ్లకు వెళ్లేవారు. వేదాంతపరంగా దీన్ని ఎలా చూసినా, సామాజికంగా ఒక సంగతి జరిగింది. ఊరివాళ్ల ముందు నోరు విప్పకూడదని తరతరాలుగా శాసించిన మనుషులు, గుంపుగా ఊళ్లోకి నడిచి, నిలబడి మాట్లాడారు. డోర్నకల్ చర్చి తెచ్చిన మార్పుల్లో బహిరంగ ప్రసంగపు అలవాటు ఒకటని చెప్పడానికి ఈ ఆధారం చాలు.

అపరిశుభ్రత, రోగం, అప్పు, తాగుడు: ఈ నాలుగింటినీ పల్లెను పట్టిన దయ్యాలుగా లెక్కించి అజరయ్య ప్రచారం చేశారు. ఇందులో సంస్కరణ ఉంది, కొంత మందలింపూ ఉంది. అప్పుకు కారణం కూలి రేట్లు, వెట్టి, భూమి లేకపోవడం అయిన చోట, అప్పును వ్యక్తి దురలవాటుతో సమానంగా పెట్టడం సమస్యను ఇంటి లోపలికి నెట్టేస్తుంది. దొరల గడీల మీద, వెట్టి మీద తెలంగాణలో సంఘటిత పోరాటం 1940ల్లో ఇతర జెండాల కింద నడిచింది.

పిడికెడు బియ్యం లెక్క

దానం గురించి అజరయ్య ప్రత్యేకంగా పుస్తకం రాశారు. పేదవాడు ఇవ్వలేడన్న అభిప్రాయాన్ని ఆయన ఒప్పుకోలేదు. పల్లెల్లో కానుక చాలావరకు ధాన్యంగా, కోడిగా, గుడ్లుగా, గుమ్మడికాయలుగా వచ్చేది. వంటకు బియ్యం తీసేటప్పుడు ఒక పిడికెడు పక్కకు పెట్టి ఆదివారం చర్చికి తేవడం ఇంటి ఇల్లాలి వంతు. కోత పండుగకు తొలిపంట తెచ్చి, ప్రార్థన అయ్యాక వేలం వేసేవారు. నేటికీ తెలుగు సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో కోత పండుగ వేలం సజీవంగా ఉంది.

ఈ కానుకలతో డయోసీస్ ఖర్చంతా వెళ్లలేదు. విదేశీ సాయం కొనసాగింది. కానీ కానుక ప్రభావాన్ని రూపాయల్లోనే కొలవడం పాక్షికం. ఇచ్చినవాళ్లకు లెక్క అడిగే హక్కు వస్తుంది. సంఘ పెద్దల ఎన్నిక, పాస్టరేటు (ఒక గురువు కింది పల్లెల సముదాయం) కమిటీ, డయోసీస్ కౌన్సిలు అనే మెట్లలో పల్లె ప్రతినిధులు కూర్చున్నారు. గ్రామ పరిపాలనలో కరణం, మునసబు తప్ప మరొకరి మాట చెల్లని రోజుల్లో, మాలపల్లె పెద్ద ఒకడు లెక్కల పుస్తకం ముందు కూర్చుని చేయెత్తి ఓటు వేయడం కొత్త అనుభవం. స్వాతంత్ర్యం తర్వాతి గ్రామ రాజకీయాల్లో ఈ అనుభవం ఎంతవరకు పనికొచ్చిందన్నది వేరే పరిశోధనాంశం. కార్యకారణ సంబంధాన్ని ఇక్కడ తేల్చేయడం సరికాదు.

స్త్రీల స్థానం

డోర్నకల్‌లో గురువు శిక్షణకు వచ్చిన విద్యార్థి భార్యకూ శిక్షణ ఉండేది. పల్లెలో ఆమే ఆడవాళ్లకు చదువు చెప్పాలని, రోగుల బాగోగులు చూడాలని ఆశించారు. అజరయ్య భార్య అన్బు మరియమ్మాళ్ తల్లుల సంఘం పనిలో ముందున్నారు. అన్యాయమైన కూలి, మగవాళ్ల తాగుడు, బాల్యవివాహం లాంటి బరువులు మోసే స్త్రీలకు నెలకోసారైనా తమలో తాము కలుసుకునే చోటు దొరకడం చిన్న విషయం కాదు.

అదే సమయంలో ఈ శిక్షణ స్త్రీని ప్రధానంగా భార్యగా, తల్లిగా, గురువుకు సహాయకురాలిగా ఊహించింది. బలిపీఠం దగ్గర ఆమెకు స్థానం లేదు. స్త్రీలకు గురుత్వం సి.ఎస్.ఐ.లో 1970ల్లో గానీ సాధ్యం కాలేదు. చదువు విషయంలో ప్రభావం ఎక్కువకాలం నిలిచింది. విజయవాడలో అజరయ్య పేరుతో నడుస్తున్న బాలికల హైస్కూలు ఆ వరసలోదే.

కులం దగ్గర ఆగిన అడుగు

సంఘంలో కులం ఉండకూడదన్నది అజరయ్య స్పష్టమైన విధానం. ఒకే పంక్తిలో భోజనం, ఒకే పాత్రలో ప్రభు భోజన సంస్కారం ఆయన పట్టుదలలు. ఆచరణ అంత నున్నగా సాగలేదు. మాల సంఘం, మాదిగ సంఘం ఒకే ఊళ్లో రెండు వాడలుగా ఉన్న చోట చర్చి ఏ వాడలో కట్టాలన్నదే తగవు. తొలి తరంలో ఆంగ్లికన్ సంఘాలు కృష్ణా జిల్లాలో మాలల్లో ఎక్కువ వ్యాపించడం, బాప్టిస్టులు ఒంగోలు వైపు మాదిగల్లో వ్యాపించడం వల్ల కొన్ని ప్రాంతాల్లో మిషన్ పేరే కులం పేరుకు గుర్తుగా మారింది. పెళ్లి సంబంధాలు చాలామటుకు కులం గీత దాటలేదు. ఈ ఇబ్బందులను చర్చి మూలాలే ఒప్పుకుంటాయి కనుక వీటిని నమ్మడానికి కారణం బలంగా ఉంది.

1920ల చివర, 1930ల్లో మరో పరిణామం కనిపించింది. డోర్నకల్ డయోసీస్‌లో శూద్ర కులాలకు చెందిన కుటుంబాలు వేల సంఖ్యలో చర్చిలో చేరాయి. అజరయ్య, పికెట్ దీనికి ఇచ్చిన వివరణ ఒకటే: పక్కవాడలో మాల, మాదిగ క్రైస్తవుల బతుకులు మారడం చూసి పై కులాలు కదిలాయి. ఈ వివరణలో నిజం ఉండవచ్చు. కానీ దాన్ని చెప్పినవాళ్లకు అలా నమ్మే ప్రయోజనం కూడా ఉంది. కరువు, మార్కెట్ ధరలు, స్థానిక కక్షలు, బంధువర్గపు ఒత్తిడి లాంటి కారణాలను పక్కన పెట్టి ఒకే కారణం చూపడం పద్ధతి రీత్యా బలహీనం. చెప్పగలిగింది ఇంతే: మతం పైనుంచి కిందికి దిగుతుందన్న నోబుల్ అంచనాకు ఇది సరిగ్గా తలకిందులైన దారి.

అంకెలు, అభ్యంతరాలు

డయోసీస్ లెక్కల్లో సభ్యుల సంఖ్య 1940ల ఆరంభానికి రెండు లక్షలు దాటింది. ఈ అంకెను మూడు రకాలుగా విడదీసి చదవాలి. మొదటిది, 1920లలో సరిహద్దులు మారి పాత సంఘాలు కలిశాయి. ఆ పెరుగుదల మతాంతరం కాదు. రెండోది, క్రైస్తవ కుటుంబాల్లో పుట్టి శిశు బాప్తిస్మం పొందినవాళ్లు. మూడోది మాత్రమే కొత్తగా చేరినవాళ్లు. ఈ విభజన లేకుండా మొత్తం అంకెను విజయంగానో ప్రమాదంగానో చూపినవాళ్లు ఇద్దరూ ఒకే పొరపాటు చేశారు.

1935 అక్టోబరులో ఏవ్లాలో అంబేద్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించాక ఈ అంకెలకు రాజకీయ ప్రాధాన్యం వచ్చింది. 1936లో అజరయ్య అణగారిన కులాలవారికి బహిరంగ లేఖ రాశారు. సామూహిక మతాంతరాల గురించి మిషనరీలు చెప్పుకునే కథలను గాంధీ తన హరిజన్ పత్రికలో నిలదీశారు. నిరక్షరాస్యులైన హరిజనులకు మతాల మధ్య తేడా తూచే శక్తి ఉండదని, వెనక భౌతిక ప్రలోభం ఉంటుందని ఆయన అభిప్రాయం. అజరయ్య దీన్ని అంగీకరించలేదు. తమ మేలు తాము ఎంచుకునే శక్తి వాళ్లకు ఉందన్నారు. ఇదే అజరయ్య క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని వాదించారన్నది మరచిపోకూడదు. మతాంతరాన్ని రాజకీయ బలంగా మార్చుకోవాలని చూశారన్న ఆరోపణకు ఈ వైఖరి ఎదురు సాక్ష్యం.

ఇద్దరి వాదనల్లో పరీక్షకు నిలిచేది ఏది? ప్రలోభం ఉందన్న వాదన కొన్నిచోట్ల నిజమే. బడి, కచేరీలో మాట సాయం, కరువులో గంజి లాంటివి మిషన్‌తో పాటు వచ్చాయి. కానీ చేరాక ఊరి పెద్దల ఆగ్రహం, కూలిపని పోవడం, బంధువుల వెలి కూడా వచ్చాయి. లాభం మాత్రమే లెక్కేసినవాళ్లు నష్టం వచ్చినప్పుడు వెనక్కి పోవాలి. కొందరు పోయారు కూడా. మిగిలినవాళ్లు తరాలపాటు ఉండిపోవడాన్ని ప్రలోభం ఒక్కటే వివరించలేదు.

1947 తర్వాత

అజరయ్య 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే మరణించారు. సమాధి కేథడ్రల్ ఆవరణలో ఉంది. ఆయన ఏళ్ల తరబడి కృషి చేసిన సంఘాల ఐక్యత 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో నెరవేరింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, దక్షిణ భారత ఐక్య సంఘం కలిసి సి.ఎస్.ఐ. ఏర్పడింది. మెదక్, డోర్నకల్ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. నంద్యాల ప్రాంతంలోని ఎస్.పి.జి. నేపథ్యపు ఆంగ్లికన్లలో చాలామంది మాత్రం అప్పుడు కలవలేదు, 1970ల్లో కలిశారు. పల్లె సభ్యులకు ఆంగ్లికన్ అన్న గుర్తింపు నామమాత్రమని అనుకునేవాళ్లు ఈ ఉదంతాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు కాదు. తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవంలో చేరిన షెడ్యూల్డ్ కులాలవారిని బీసీ-సి వర్గంలో పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇస్తున్నారు. అందువల్ల సంఘ సభ్యత్వం, బాప్తిస్మపు నమోదు, కుల ధ్రువీకరణ పత్రం ఒకదానితో ఒకటి తగువులాడుకునే పరిస్థితి వచ్చింది. పల్లెల్లో ఆరాధనకు వచ్చేవాళ్ల సంఖ్య, జనాభా లెక్కల్లో క్రైస్తవుల సంఖ్య ఎందుకు పొసగవో చెప్పే కారణాల్లో ఈ ఉత్తర్వు ముఖ్యమైనది. చర్చి చేరికల లెక్కతోనో, ప్రభుత్వ జనగణనతోనో మాత్రమే ఈ సంఘం పరిమాణాన్ని అంచనా వేసే అధ్యయనాలు రెండు వైపులా తప్పుతాయి.

నిర్ధారణలు

ఆధారాల బలాన్ని బట్టి నిర్ధారణలను మూడు శ్రేణులుగా పెట్టవచ్చు.

గట్టిగా చెప్పగలిగేవి: అక్షరాస్యత, బహిరంగంగా మాట్లాడే అలవాటు, సామూహికంగా డబ్బు కూడబెట్టి లెక్క చూసుకునే పద్ధతి, స్థానిక నాయకత్వం. ఇవి డోర్నకల్ డయోసీస్ పల్లెల్లోకి చర్చి ద్వారా వచ్చాయి. వీటిని నడిపినవాళ్లలో అధికులు తెలుగువాళ్లే, అందులోనూ అణగారిన కులాలవాళ్లే.

కొంతమేరకు చెప్పగలిగేవి: స్త్రీలకు కూడలి, చదువు దొరికాయి గానీ అధికారం దొరకలేదు. కేథడ్రల్ శైలి ఆత్మగౌరవానికి ఒక ప్రకటన. అది సామ్రాజ్య కాలపు అభిరుచి నుంచి పూర్తిగా విడివడలేదు.

ఆధారాలు బలపరచనివి: చర్చి కులాన్ని తుడిచేసిందన్నది, చర్చి కేవలం విదేశీ డబ్బు ఆడించిన బొమ్మ అన్నది. మొదటిదాన్ని చర్చి సొంత నివేదికలే కొట్టేస్తాయి. రెండోదాన్ని పగోలు వెంకయ్య కాలం నుంచి కోత పండుగ వేలం దాకా పల్లెవాళ్లు చూపిన చొరవ కొట్టేస్తుంది.

ఇకముందు పరిశోధన కేథడ్రల్ నుంచి పాస్టరేటు దిశగా జరగాలి. పల్లె సంఘాల కానుకల పుస్తకాలు, కమిటీ తీర్మానాలు, బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు పాత బీరువాల్లో చెదలు పట్టకముందే డిజిటల్ రూపంలోకి రావాలి. వివాహ రిజిస్టర్లు కులాంతర సంబంధాల లెక్క తేలుస్తాయి. కానుకల పుస్తకాలు స్వావలంబన వాదాన్ని రూపాయి అణా పైసల్లో పరీక్షకు పెడతాయి. బిషప్ గురించి ఇప్పటికే మంచి పుస్తకాలు ఉన్నాయి. ఉపదేశి గురించి, సంఘ పెద్ద గురించి, పిడికెడు బియ్యం తీసిపెట్టిన ఇల్లాలి గురించి రాయడానికి ఆధారం ఆ రిజిస్టర్లలోనే దొరకాలి. డోర్నకల్ చర్చి పాత్రపై తుది తీర్పు వాటిని చదివాకే ఇవ్వాలి.